కాకిపెట్ట అడిగిన సెలవు

ఒకానొక రాజ్యంలో రాజుగారు నవ్విన రోజు పండుగ, నవ్వని రోజు పన్ను. ఆ రాజ్యం పేరు శంఖగిరి, రాజుగారి పేరు ఉద్దండ భూపాలుడు. మనిషి చెడ్డవారు కారు. కాకపోతే ఎండ కాస్తే అది తన ఆజ్ఞేననీ, వాన కురిస్తే అదీ తన దయేననీ గట్టిగా నమ్మినవారు. కాదని చెప్పేవాళ్ళు కొలువులో ఎవరూ లేరు గనుక ఆ నమ్మకం ఏళ్ళ తరబడి చెక్కు చెదరకుండా ఉండిపోయింది.

ఆ కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. అతడిది ఏటి అవతల వావిలిపాడు. ఒక దసరాకి, అందరితో పాటు తనూ నాలుగు మాటలు చెప్పి, ఏదో ఇంత బహుమానం పుచ్చుకు పోదామని కోటకి వచ్చాడు. ఆ నాలుగు మాటలకి రాజుగారు సింహాసనం మీద నుంచి జారిపోయేంతగా నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "వీణ్ణి నా ఎదుట నుంచి కదలనివ్వకండి" అన్నారు. పండుగ వెళ్ళిపోయింది, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, మాచన ఉండిపోయాడు. ఆ తరవాత రెండు వానాకాలాలు అతడు కోట గోడల లోపలి నుంచే చూశాడు.

భార్యను కోటకే పిలిపించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కొలువులోని వాళ్ళ పెళ్ళాం బిడ్డలు కోటలో కాపురముండకూడదని ఆ వంశంలో పాత కట్టడి. ఇంటి గొడవలు చెవిన పడితే మనిషి మాటల్లో పస తగ్గుతుందని రాజుగారి తాతగారి అభిప్రాయమట. తాతగారు పోయి చాలా కాలమైనా ఆయన అభిప్రాయాలు మాత్రం కోటలో ఆరోగ్యంగానే తిరుగుతున్నాయి.

పోనీ సెలవు అడగలేదా అంటే, అడిగాడు. అడగకేం. మొదటిసారి చేతులు కట్టుకుని, "ప్రభూ, ఇంటికి పోవాలని ఉంది. నా భార్య మీద బెంగగా ఉంది" అన్నాడు. మాచన నోట ఏ మాట వచ్చినా నవ్వాలన్నది అప్పటికే కొలువులో అలవాటైపోయింది. రాజుగారు పొట్ట పట్టుకున్నారు. మంత్రి పగలబడి నవ్వాడు. వింజామరలు వీచే ఆడవాళ్ళు సైతం కొంగు నోట్లో కుక్కుకున్నారు. పెళ్ళాం మీద బెంగట అని రాజుగారు మళ్ళీ మళ్ళీ చెప్పుకుని, మెళ్ళో హారం తీసి విసిరారు. ఇంకోసారి నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగాడు. అది మరీ బాగుందని శాలువా కప్పారు. అలా మాచన గదిలో శాలువాలు పేరుకున్నాయి, సెలవు మాత్రం రాలేదు.

అతడి భార్య ఓబమ్మ పెద్దగా నవ్వే మనిషి కాదు. మాచన ఎన్ని మాటలు చెప్పినా ఎప్పుడో ఒకదానికి, అదీ పెదవి చివర, నవ్వీ నవ్వనట్టు నవ్వేది. ఆ ఒక్క నవ్వు కోసం అతడు పొద్దస్తమానం మాటలు అల్లేవాడు. ఇక్కడ కోటలో అతడు నోరు తెరవక ముందే నవ్వుతారు. అంత నవ్వు మధ్య కూర్చుని, మాచన ఆ పెదవి చివరి నవ్వుకి మొహం వాచిపోయాడు. పొద్దున్నే లేచి ఏటి వైపు చూసేవాడు. కోట గోడ ఎత్తు, ఏరు కనిపించేది కాదు. అయినా చూసేవాడు.

అలా ఉండగా రాజుగారి బావమరిది, పొరుగు రాజ్యాన్ని ఏలేవాడు, ఒక వెదురు బుట్టలో ఊక పోసి గుడ్లు పంపించాడు. మేలుజాతి పందెం కోళ్ళ గుడ్లు. వెంట ఒక మాట కూడా పంపాడు. "ఇవి మట్టిలో పెరిగే జాతి, బావగారూ. మీ పాలరాతి కోటలో బతుకుతాయో లేదో చూసుకోండి" అని.

రాజుగారికి ఒళ్ళు మండింది. వెంటనే పెరటి తోటలో చలువరాతితో కోళ్ళ గూడు కట్టించారు. కిటికీలకు పట్టుతెరలు, పిల్లలు నీళ్ళు తాగడానికి లోతైన వెండి గిన్నెలు, గోడల మీద హంసల బొమ్మలు. గుడ్లు పొదిగించారు, పిల్లలు దిగాయి, రాజుగారు చాటింపు వేయించారు. తెల్లారేసరికి సగం పిల్లలు ఆ వెండి గిన్నెల్లో పడి మునిగిపోయి ఉన్నాయి. మిగతా సగాన్ని, నీళ్ళు పోవడానికి పెట్టిన తూములోంచి దూరి వచ్చిన ముంగిస ఎత్తుకుపోయింది.

బావమరిది మళ్ళీ గుడ్లు పంపించాడు. ఇవే చివరివనీ, ఇక తన దగ్గర లేవనీ, దీపావళికి తానే స్వయంగా వచ్చి పిల్లల్ని చూసి పోతాననీ కబురు చేశాడు. ఈసారి రాజుగారు కాకిలాగా నల్లటి కోడిపెట్టను, కాకిపెట్ట అంటారు దాన్ని, తెప్పించి పొదగేశారు. వెండి గిన్నెలు తీయించి లోతు లేని మట్టి మూకుళ్ళు పెట్టించారు, అంతవరకు బుద్ధిమంతుల పనే. తరవాత గూటి తలుపుకి ఇద్దరు భటుల్ని బల్లేలతో నిలబెట్టి ఆజ్ఞ ఇచ్చారు. "నా అనుమతి లేనిదే ఈ గూటిలోకి గానీ, గూటిలోంచి గానీ ఒక్క ప్రాణి కదలరాదు."

ఆజ్ఞ ముంగిస కోసం. కానీ భటులకు ముంగిస అని చెప్పలేదు, ప్రాణి అని చెప్పారు. పొదిగే పెట్ట పూటంతా గుడ్ల మీదే ఉన్నా, రోజుకొక్కసారి లేస్తుంది. దూరంగా పోయి రెట్ట వేసుకుని, నాలుగు గింజలు తిని, ఎక్కడ బూడిద ఉంటే అక్కడ పడి దొర్లి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కాకిపెట్ట అలాగే లేచి గుమ్మం దాకా వచ్చింది. రెండు బల్లేలు అడ్డంగా దిగాయి. పెట్ట అటు చూసింది, ఇటు చూసింది, వెనక్కి పోయి గంపలో కూర్చుంది.

ఈ సంగతి విని రాజుగారు కొలువులో మురిసిపోయారు. కోడి సైతం మా ఆజ్ఞ మీరదని అందరికీ చెప్పారు. అందరూ అవునన్నారు. ఆ పూట మాచన తోటలోకి పోయి దూరం నుంచి చూశాడు. పెట్ట మళ్ళీ గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగింది. మాట చెప్పి బతికేవాడికి ఆ రాత్రి భోజనం దగ్గర ఒక్క మాటా రాలేదు.

కొద్ది రోజుల్లోనే గూటిలో పేలు పడ్డాయి. గంపలో గడ్డి మీద, పెట్ట రెక్కల కింద, మెడ చుట్టూ, ఆవగింజలో సగం కూడా లేని కోడిపేలు పుట్టలు పుట్టలుగా పాకుతున్నాయి. ఆస్థాన వైద్యుడు తెలివైనవాడే. సీతాఫలం గింజల పొడి నూరించి, పెట్టను పైకెత్తి రెక్కల కింద రాయాలని చెప్పాడు. భటులు అతణ్ణి లోపలికి వదల్లేదు, పెట్టను బయటికి ఇవ్వలేదు. పాపం అతడు గుమ్మం దగ్గర నిలబడి పొడిని లోపలికి ఊదాడు. గాలి ఎదురు తిరిగింది. ఆ పొద్దంతా వైద్యుడు తుమ్ముతూనే ఉన్నాడు.

మాచనకి అప్పుడొక ఆలోచన తట్టింది. కోళ్ళ సంగతి అతడికి ఓబమ్మ దగ్గర కూర్చుని కూర్చుని తెలిసిందే. రాజుగారి దగ్గరికి పోయి, పేలకి బూడిదే మందనీ, అయితే ఏ బూడిద పడితే అది పనికిరాదనీ, వావిలి కట్టెలు కాల్చిన పొయ్యి బూడిద కావాలనీ, అది వావిలిపాడులో తమ ఇంటి పొయ్యిలో ఉందనీ, ఆ పొయ్యి తనకి తప్ప ఇంకొకరికి తెలియదనీ విన్నవించాడు. తాను పోయి ఇట్టే తెస్తానన్నాడు. చెబుతుంటేనే అతడి కాళ్ళు ఏటి రేవులో ఉన్నాయి.

రాజుగారు మీసం దువ్వుకున్నారు. అంత తెలివితక్కువ వారైతే రాజ్యం ఇన్నాళ్ళు నిలిచేది కాదు. "నువ్వెందుకు శ్రమపడటం? గుర్రపువాడు లేడూ" అన్నారు. కొలువంతా నవ్వింది. పుల్లన్న అనే రౌతు ఆ పూటే బయలుదేరిపోయాడు. మాచన వేసిన మొదటి ఎత్తు అలా గుర్రమెక్కి, అతణ్ణి వదిలేసి, అతడి ఇంటికే పోయింది.

పుల్లన్న తిరిగి వచ్చేటప్పటికి మాచన కోట వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బూడిద కుండ దింపకముందే అతణ్ణి పట్టుకుని ఇల్లెలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాడు పుల్లన్న, వాకిట్లో పందిరి మాత్రం ఒక పక్కకి ఒరిగిందట. తినడానికి ఏం పెట్టిందని అడిగాడు. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, వద్దన్నా వినలేదట. రొట్టె అంచు మాడిందా అని అడిగాడు. మాడిందన్నాడు పుల్లన్న, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ. మాచనకి ఆ రౌతు మీద పట్టరాని అసూయ పుట్టింది.

"నా గురించి ఏమైనా అడిగిందా?" అన్నాడు చివరికి.

పుల్లన్న తల గోక్కున్నాడు. "ఆయన ఇంకా నవ్విస్తానే ఉన్నాడా అని అడిగిందయ్యా. అవునమ్మా, ఆయన నోరు తెరిస్తే కోటంతా నవ్వుద్ది అని చెప్పినా. అట్టయితే ఇంకేం వస్తాడులే, అంది. అని బూడిద ఎత్తేదానికి పొయ్యి కాడికి పోయింది."

మాచన కుండ మూతి గుడ్డ విప్పి బూడిదలో చెయ్యి పెట్టాడు. మెత్తగా, పిండిలాగా ఉంది. వావిలి వాసన ఇంకా పోలేదు. ఓబమ్మ పొద్దున్నే కూర్చుని, కళ్ళు మండుతుంటే విసుక్కుంటూ ఊదుకున్న పొయ్యిలోది. మణికట్టు దాకా చెయ్యి దింపి అలాగే ఉంచేశాడు. ఆమె అన్న మాట గురించే ఆలోచించాడు. ఆమెకి తెలిసిన పాటి కూడా తనకి ఇన్నాళ్ళూ తెలియలేదు. తాను ఏడ్చి అడిగినా అది నవ్వే అవుతున్నంత కాలం, ఈ కోట గుమ్మం తనకి తెరుచుకోదు.

బూడిద వచ్చిందే గాని పని జరగలేదు. పెట్టను బయటికి వదలడం రాజుగారికి ఇష్టం లేదు. పురోహితుణ్ణి పిలిపించి, వెండి గరిటెతో చిటికెడు బూడిద గుమ్మంలోంచి పెట్ట నెత్తిన అక్షింతల్లాగా చల్లించారు. పెట్ట తల విదిలించింది. పేలు పేలలాగానే ఉన్నాయి. మిగిలిన కుండ గూటి పక్కనే ఒక మూల పడి ఉంది. మాచన రోజూ సాయంత్రం వచ్చి దాని పక్కన కాసేపు కూర్చుని పోయేవాడు.

చివరికి కాకిపెట్ట గుడ్ల మీద కూర్చోవడం మానేసింది. గంప అంచున నిలబడి, ఒళ్ళంతా పొడుచుకుంటూ, పొడుచుకున్న చోట ఈకలు రాలుస్తూ ఉంది. కాసేపు కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. గుడ్లు చల్లబడుతున్నాయని భటులు పరుగున వచ్చి చెప్పారు. రాజుగారు కోపంతో ఊగిపోయారు. గంపను పెట్టతో సహా కొలువుకి తెప్పించి విచారణ పెట్టారు. యుద్ధంలో కాపలా చోటు వదిలేసిన సిపాయికి ఏ శిక్షో దీనికీ అదేనన్నారు. దాన్ని వంటశాలకి పంపి, ఇంకో పెట్టను తెమ్మన్నారు. ఈ రోజుల్లో పొదుగుడు మీద ఉన్న పెట్ట చుట్టుపక్కల ఇంకొకటి దొరకదని వంటవాడు గొణిగినా ఎవరూ వినిపించుకోలేదు.

మాచన లేచి నిలబడ్డాడు. "ప్రభూ, దీని నేరం ఏమిటి?"

"కుదురుగా కూర్చోకపోవడం" అన్నారు రాజుగారు.

"కుదురుగా కూర్చోవడమంటే ఎలాగో ప్రభువులే ఒకసారి చూపిస్తే బాగుంటుంది. ఈ గంపను తమ మోచేతి పక్కనే పెట్టుకుని, మధ్యాహ్నపు గంట కొట్టేదాకా సింహాసనం దిగకుండా కూర్చోవాలి. గోక్కోకూడదు. పెట్టకి చేతులు లేవు గనుక తమరికీ లేనట్టే. కూర్చున్నారా, పెట్ట వంటశాలకి పోతుంది, నేను బతికుండగా మళ్ళీ సెలవు మాట ఎత్తను. లేచారా, పెట్ట కోరింది దానికిచ్చి, నా మాట ఒక్కటి నవ్వకుండా వినాలి."

ఓడిపోతే మాచనకి ఇక ఓబమ్మ లేదు, వావిలిపాడు లేదు. రాజుగారు మాత్రం, పుట్టినప్పటి నుంచీ కూర్చోవడమే తన వృత్తి అనీ, ఒక పూట కూర్చోలేనా అనీ నవ్వేసి, గంపను పక్కన పెట్టమన్నారు.

కొలువు మొదలైంది. ఆస్థాన కవి కొత్త ప్రశస్తి ఒకటి తెచ్చాడు, చాలా పొడుగుది. "మేరు పర్వతంవలె చలించని మహానుభావా" అని ఎత్తుకునే సరికి మొదటి పేను రాజుగారి మోచెయ్యి ఎక్కింది. రాజుగారి కనుబొమ్మ ఒకటి కదిలింది. "మహాసముద్రంవలె గంభీరా" అనేసరికి పేల దండు భుజం దాటి కంఠహారం కిందికి దిగింది. రాజుగారి మెడ ఒక పక్కకి వంగి, వణికి, మళ్ళీ నిలబడింది. వీపు మీద చిమచిమ, చంకలో చిమచిమ, కిరీటం కింద, అంచు వెంబడి, చిమచిమ. వీపుని సింహాసనానికి రాసుకోబోయారు. పెట్ట గంపకి రాసుకోవచ్చు గనుక మాచన అభ్యంతరం చెప్పలేదు. ఆ సింహాసనానికి వెనక చెక్కిన సింహాల పళ్ళు గుచ్చుకున్నాయే గాని సుఖం కలగలేదు.

కవి ప్రభువుల ఓర్పుని వర్ణించడం మొదలుపెట్టాడు. రాజుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన పద్యానికే ప్రభువులు కరిగిపోతున్నారని కవి రెట్టించి చదివాడు. ఆ రెట్టింపు మీద రాజుగారు లేచారు. లేచారనడం మర్యాదకి, అసలు ఎగిరారు. కిరీటం ఒక మెట్టు మీద, ఉత్తరీయం ఇంకో మెట్టు మీద వదిలేసి, రెండు చేతులా గోక్కుంటూ స్నానాల గది వైపు పరిగెత్తారు. మంత్రి వెనక నుంచి ప్రభూ ప్రభూ అంటూ తువ్వాలు పట్టుకుపోయాడు.

తడి జుట్టుతో, కొత్త బట్టలతో తిరిగి వచ్చేసరికి కొలువంతా ఊపిరి బిగబట్టి ఉంది. మాచన చేతులు కట్టుకుని, ప్రభువులు కొలువు విడిచి ఎక్కడికి వేంచేశారని అడిగాడు.

"స్నానానికి" అన్నారు రాజుగారు చిరాగ్గా.

"సింహాసనం ఇక అక్కర్లేదనా?"

"ఏం మాటలవి? ఒంటి మీద ఇన్ని పురుగులు పాకుతుంటే ఎవడు కూర్చోగలడు? కడుక్కుని మళ్ళీ వచ్చాను కదా."

"పెట్ట కూడా అదే విన్నవించుకుంటోంది ప్రభూ. దానికి నోరు లేక ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఇప్పుడు దాని తరఫున తమరే చెప్పారు."

రాజుగారు కాసేపు గంప వైపు, కాసేపు మాచన వైపు చూశారు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు. కొలువు కూడా హాయిగా ఊపిరి వదిలి నవ్వింది. మాట ప్రకారం పెట్ట కోరింది ఇవ్వాలి గనుక అందరూ తోటలోకి నడిచారు. గంప గూటిలో పెట్టారు. మాచన కుండలోని బూడిదంతా వాకిట్లో ఒక చోట కుప్పగా పోశాడు. భటులు బల్లేలు పక్కకి తీశారు.

"పోయి తిరిగి రాకపోతే?" అన్నారు రాజుగారు. దీపావళి దగ్గరపడుతోంది మరి.

"రాకపోతే ఆ గుడ్ల మీద నేను కూర్చుంటాను ప్రభూ."

కాకిపెట్ట గుమ్మంలో నిలబడింది. బల్లేలు దిగుతాయేమోనని మెడ సాచి చూసింది. దిగలేదు. ఒక్క పరుగున వచ్చి బూడిదలో పడింది. రెక్కలు విప్పి, పక్కకి ఒరిగి, కాళ్ళతో ఎగదన్నుకుని, ఈక ఈకనా బూడిద పట్టించుకుంది. కళ్ళు మూసుకుని అలాగే సోలిపోయింది, మళ్ళీ లేచి రెండో పక్కకి దొర్లింది. పొగలాగా లేచిన ఆ బూడిద వచ్చి మాచన ముఖాన పడింది. అతడు తుడుచుకోలేదు. తన ఇంటి పొయ్యి బూడిదలో ఒక కోడి తనివితీరా దొర్లుతోంది, తాను రాజుగారి వెనక చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఈ జన్మలో ఇంకెవరి మీదా అంత అసూయ పడలేదని అతడికి అనిపించింది.

పెట్ట లేచి ఒళ్ళు దులుపుకుంది. దూరంగా పోయి రెట్ట వేసి, గింజలు ఏరుకుని, మూకుట్లో నీళ్ళు తాగింది. తోటలో అటూ ఇటూ తిరిగింది. రాజుగారికి నిలవడం కష్టమైంది. గుడ్లు చల్లారిపోతున్నాయనీ, దాన్ని పిలవమనీ, పట్టుకోమనీ అన్నారు. ఎవరు పిలిచినా రాదనీ, పట్టుకొచ్చి కూర్చోబెడితే కూర్చోదనీ, దానంతట అదే రావాలనీ మాచన చెప్పాడు. రాజుగారు జీవితంలో మొదటిసారి, ఆజ్ఞ ఇవ్వడానికి వీల్లేని పని కోసం ఎదురుచూశారు. పెట్ట ఇంకో గింజ తింది. ఒకసారి తల ఎత్తి చూసింది. తరవాత ఎవరినీ పట్టించుకోకుండా, బల్లేల మధ్య నుంచి నడిచి, గంపలోకి ఎక్కి, గుడ్లను ఒక్కొక్కటే ముక్కుతో పొట్ట కిందికి జరుపుకుని, సర్దుకుని కూర్చుంది.

రాజుగారు నుదుటి చెమట తుడుచుకున్నారు. వైద్యుణ్ణి పిలిచి, రేపు పెట్ట బయటికొచ్చినప్పుడు గంపలో గడ్డి మార్పించి కింద వావిలి రెమ్మలు పరిపించమన్నారు, తూముకి ఇనుప జాలీ బిగించమన్నారు. అంతా అయ్యాక మాచన వైపు తిరిగి, నీ మాట ఏమిటో చెప్పమన్నారు. అప్పటికే ముఖం మీదికి నవ్వు వచ్చేస్తోంది.

"ఇంటికి పోతాను ప్రభూ" అన్నాడు మాచన.

రాజుగారు అలవాటు కొద్దీ నవ్వారు. మంత్రి అందుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూ రాజుగారు మాచన ముఖం చూశారు. బూడిద పట్టిన ఆ ముఖంలో ఏ చమత్కారమూ లేదు, వెనకాల దాచుకున్న మాట ఏదీ లేదు. నవ్వకుండా వింటానని ఒప్పుకున్నది గుర్తొచ్చింది. రాజుగారు నవ్వు ఆపుకున్నారు. ఆయన ఆపడంతో చుట్టూ అందరూ ఆపారు. ఇన్నాళ్ళకి మాచన మాట తరవాత నిశ్శబ్దం వచ్చింది.

"నిజంగానే అడిగేవాడివా, అన్నిసార్లూ?" అన్నారు రాజుగారు.

"అన్నిసార్లూ నిజంగానే, ప్రభూ."

అసలు రాజుగారిని అంతగా నవ్వించినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. తరవాత ఎవడు దొరుకుతాడో తెలియదు. వదిలేయడానికి మనసొప్పక, కొంచెం బతిమాలినట్టుగా అడిగారు. "పోనీ, పోయి రా. ఆ పెట్టలాగా నువ్వూ తిరిగి వస్తావు కదూ?"

వస్తానంటే చాలు, సెలవు చేతికొస్తుంది. అందరూ అదే చెప్పమన్నట్టు చూశారు. మాచన కూడా ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకున్నాడు. కానీ ఈ కోటలో తన నిజాన్ని నిజంగా విన్నది ఇప్పుడే, అది పూర్తిగా చెప్పెయ్యాలనిపించింది.

"పెట్ట తిరిగొచ్చింది దాని గుడ్లు గంపలో ఉన్నాయని, ప్రభూ. నా గంప వావిలిపాడులో ఉంది."

మంత్రి కళ్ళు మూసుకున్నాడు. రాజుగారు పాలిపోయినట్టు కనిపించారు. తరవాత నెమ్మదిగా, "అంటే ఇన్నాళ్ళూ నేను నీ గంపననుకున్నాను. బల్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాణ్ణన్నమాట" అన్నారు.

అని, నవ్వారు. ఈసారి పొట్ట పట్టుకోలేదు. తనలో తానే, తన మీద తానే, కళ్ళు తడి అయ్యేదాకా నవ్వారు. ఎవరికీ కలిసి నవ్వే ధైర్యం లేకపోయింది. మాచన ఒక్కడే, మొదటిసారిగా, రాజుగారి మాటకి నవ్వాడు.

ఆ పూటే గుర్రమిచ్చారు. బహుమానంగా ఏం కావాలో కోరుకోమంటే, శాలువాలు ఇక వద్దన్నాడు మాచన. పిల్లలు దిగి పెద్దవయ్యాక ఒక పుంజునీ ఒక పెట్టనీ వావిలిపాడుకి పంపిస్తానని రాజుగారు మాటిచ్చారు, పంపించారు కూడా. దీపావళికి బావమరిది వచ్చినప్పుడు కోట తోటలో ఒక వింత చూశాడట. కాకిపెట్ట ముందు నడుస్తోంది, కోడిపిల్లలు వెనక పరుగెడుతున్నాయి, వాటి వెనక ఉద్దండ భూపాలుల వారు గద్దలు వాలకుండా తన తెల్లగొడుగు తానే పట్టి వంగి వంగి తిరుగుతున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలా వద్దా తెలియక బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. బావమరిది మాత్రం నవ్వేశాడు, రాజుగారు ఏమీ అనుకోలేదు.

మాచన దారంతా మాటలు అల్లుకుంటూ పోయాడు. ఇంటికి పోగానే ఏం అనాలి, ఓబమ్మ ఏమంటుంది, దానికి తానేమనాలి. ఏరు దాటేసరికి చాలా మంచి మాటలే కుదిరాయి. వావిలిపాడులో అడుగుపెట్టేసరికి పొద్దు వాలుతోంది. ఓబమ్మ వాకిట్లో ఒంగి, కోడిపిల్లల్ని గంప కింద కమ్ముతోంది. గుమ్మంలో నీడ పడితే తల ఎత్తి చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. ఆ అవకాశం చూసుకుని ఒక పిల్ల గంప కింద నుంచి జారుకుని పందిరి వైపు పరుగెత్తింది.

"నిలబడతావేం, దాన్ని పట్టు" అంది ఓబమ్మ.

మాచన పరుగెత్తి పట్టుకున్నాడు. అరచేతిలో దాని గుండె టపటపా కొట్టుకుంటోంది. తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అల్లుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు. ఓబమ్మ పిల్లను గంప కిందికి తోసి, గంప మీద రాయి పెట్టి, చేతులు దులుపుకుంది. అతడి వైపు చూడకుండానే ఎన్నాళ్ళకి సెలవిచ్చారని అడిగింది.

"ఎన్నాళ్ళని చెప్పలేదు. మళ్ళీ రమ్మనలేదు" అన్నాడు మాచన.

ఓబమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. తరవాత లోపలికి పోయి పొయ్యి రాజేసి, ఎసరు పెట్టింది. ఆ పూటకి తనకొక్కదానికే వండుకుని ఉంది మరి.